‘శ’ మీట

చిత్తూరు కలెక్టరాఫీసు గోడవార
ఒక గొడుగు, దాని కింద నా మిషను.
అర్జీకి ముప్పై, నకలుకి పది.
శ్రీయుత, శ్రీయుత అని ఇరవయ్యారేండ్లు కొట్టీ కొట్టీ
శ మీట అరిగిపోయింది.
దొరలకు మొక్కేదానికే ఖర్చయిపోయిన అక్షరం.

తవమణి అర్జీ వెనక్కొచ్చిన దినం
గుమాస్తా కాగితం ఎత్తి పట్టుకొని నవ్వినాడు:
“ఏమయ్యా, ఈమె రణార్థా?
యుద్ధం కావాలని వచ్చిందా?”

శరణార్థి అనే కొట్టినా.
శ పడలేదు.
ఒక్క అక్షరం ఊడితే
దేన్ని తప్పించుకొని పడవెక్కిందో
దాన్నే ఇమ్మని అడిగినట్టయింది.

తవమణికి తెలుగు చదవను రాదు.
ఎందుకు నవ్వుతున్నారో అడగలేదు.
పిడికిలి విప్పి ఇంకో ముప్పై బల్ల మీద పెట్టింది.
వేళ్ళ సందుల్లో తోతాపురి సొనకు కాలిన మచ్చలు,
గుజ్జు ఫ్యాక్టరీలో అప్పుడే సీజను మొదలు.
ఆ డబ్బు నేను తీసుకోలేదు.
గొప్పకు చెప్పడం లేదు.
పైన ‘శ్రీయుత’లో పడని శ ని పెన్నుతో దిద్దినా,
కింద ఆమెది చూడలేదు.
తప్పు మిషనుది కాదు.

నాలుగో కాలమ్: స్వస్థలం.
ముల్లైత్తీవు పక్కన ఏదో ఊరు చెప్పింది.
“ఆ ఊరుండాదా ఇప్పుడు?”
“సముద్రం ఉంది” అనింది తమిళంలో.

ఏడో కాలమ్: వచ్చిన కారణం, రెండు లైన్లకు మించకుండా.
ఆమె గంటసేపు చెప్పింది.
పడవెక్కింది పద్దెనిమిది మంది, దిగింది పదిహేడు.
నేను రెండు లైన్లు కొట్టినా.
మిగిలిందంతా యాడ పెట్టేది?
నా చెవిలోనే ఉండాది.

చెన్నై ఆఫీసులో అడిగినారంట:
పోయిన తడవ చిత్తిర అన్నావు,
ఈ తడవ వైగాసి అంటావే, ఏది నిజం?
ఆ రాత్రి నెల చూసుకోవాలని
తెలియలేదయ్యా, అనిందంట.

మురకంబట్టు వీధి సంగతీ చెప్పాల.
మొదట్లో ట్యాంకరు కాడ
ఆమె బిందెను వెనక్కి నెట్టిన వీధే అది.
ఒక రాత్రి ముగ్గురు తాగొచ్చి
మీ ఊరికి పోండని తలుపు తన్నితే
మునిరత్నమ్మ అట్లకాడతో బయటికొచ్చింది,
పిండి కారతా ఉండంగానే.
“ఇదే ఈమె ఊరు. మీది యాడరా?”
ఒక్కో ఇంట్లో లైటు పడింది.

రేషను కార్డు లేకుంటే పొదుపు గ్రూపులో చోటు లేదన్నారు.
మునిరత్నమ్మ తన పేరున అప్పు తీసి
కుట్టుమిషను కొనిచ్చింది.
కంతు ఆలస్యమైతే తిడతాది.
వీధిలో అందర్నీ తిట్టినట్టే తిడతాది,
ఒక్క మాట తగ్గించదు.

కూతురు నిరోజినికి టీసీ లేదు.
“కాలింది టీసీ, పిల్ల కాదు గదా, కూర్చోబెట్టండి”
అనిందంట హంసవేణి మేడం.
హాజరు పట్టీలో అడుగున పెన్సిలుతో ఒక పేరు.
కాగితాలొచ్చినాక ఇంకు పెడతారు.
మూడేండ్లయింది, పెన్సిలు మాసిపోతే
మేడం మళ్ళీ దిద్దతా ఉండాది.

నిన్న సాయంత్రం ఆరో అర్జీ.
అమ్మకు షిఫ్టు, నిరోజిని వచ్చింది.
రణార్థి ముందర చోటొదిలి కాగితం ఊడదీసి ఇచ్చినా.
ఆ పిల్ల బ్యాగులోంచి నీలం పెన్ను తీసి
నాలుక కరుచుకొని శ రాసింది.
తలకట్టు మరీ పెద్దదయింది,
పక్కనున్న ర మీదికి
గొడుగు మాదిరి వాలింది.

గుమాస్తా ఈసారి నవ్వలేదు.
సీలు కొట్టినాడు.
ఆగస్టులో రమ్మన్నాడు.
ఆలోపల గుజ్జు పని అయిపోతాది.
కంతులు రెండుండాయి.